ముందు మా ఆయన ఎక్కాల

గుండె పరీక్షల గదుల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఆదివారాలప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని. వాళ్ళు దేనికోసం ఎదురుచూస్తారో నాకు తెలుసు. ట్రెడ్‌మిల్ మీద మనిషి కుప్పకూలాలి, డాక్టరు పరిగెత్తుకు రావాలి, ఛాతీ మీద గట్టిగా నొక్కాలి, చివరికి మనిషి కళ్ళు తెరవాలి. అలాంటివీ చూశాను. కానీ తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వొచ్చే కేసు ఒకటుంది. పిల్లలకి నేను చెప్పేది అదే.

మా సెంటరు అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉండేది. నేను ఈసీజీ తీయడానికి చేరాను. ట్రెడ్‌మిల్ వచ్చాక దాని దగ్గరే స్థిరపడిపోయి అక్కడే రిటైరయ్యాను. ఈ పరీక్ష గురించి తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. మనిషి పడుకుని ఉన్నప్పుడు గుండె బుద్ధిగానే ఉంటుంది. కష్టపెడితే ఎలా ఉంటుందో చూడటమే మా పని. ఛాతీ మీద తీగలు అంటిస్తాం. కాళ్ళ కింద పట్టా కదులుతుంటే మనిషి నడుస్తుంటాడు. మూడేసి నిమిషాలకి వేగం పెరుగుతుంది, ఏటవాలు పెరుగుతుంది. అలా ఒక్కో మూడు నిమిషాలనీ మేం ఒక మెట్టు అంటాం. తెర మీద గుండె గీసే గీత మాత్రం తన పద్ధతి తప్పకూడదు. తప్పిందంటే గుండెకి రక్తం చాలడం లేదని అనుమానించాలి.

ఆ గదిలో మేం ముగ్గురం. డాక్టరుగారు కృష్ణా జిల్లా మనిషి. చదువులో గట్టివాడు, మనసు మెత్తన. మా ప్రాంతం మాట ఆయనకి అంతుపట్టడానికి చాలాకాలం పట్టింది. రావికమతం నుంచి వచ్చిన రైతొకాయన, "గుండికాయ గానుగలో ఎట్టినట్టుంటంది బాబూ" అంటే ఆయన నావైపు చూశారు. "గట్టిగా నొక్కేసినట్టుందట సార్" అన్నాను. ఆ తర్వాత గానుగ అన్న మాట వినబడితే చాలు, ఆయనే ఈసీజీకి రాసేసేవారు.

మూడోవాడు మా అటెండరు. అనకాపల్లిలోనే పుట్టి పెరిగినవాడు. మగవాళ్ళ ఛాతీ మీద జుట్టు గొరిగి తీగలకి చోటు చెయ్యడం అతని పని. వచ్చిన ప్రతి మగాడినీ బావా అనో మామా అనో పిలుస్తూ, కబుర్లు చెబుతూ గొరిగేసేవాడు. అవతలి మనిషి తేరుకునేసరికి ఛాతీ నున్నగా ఉండేది.

ఒక వేసవిలో పూడిమడక నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆవిడ చేపలు అమ్ముతుంది. పొద్దున్నే ఆటోలో అనకాపల్లి వచ్చి, గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరుగుతుంది. ఆయన ఇంజను బోటు మీద వేటకి వెళతాడు. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అప్పుడు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి. ఆవిడ గంపలో పచ్చి చేపలు పోయి ఎండు నెత్తళ్ళు వచ్చాయి. ఆయనకి చేతినిండా పని పోయి నోటినిండా మాటలు వచ్చాయి.

"ఏమైందమ్మా?" అని డాక్టరుగారు ఆవిడని అడిగారు.

"గుండి బరువెక్కిపోతంది బాబూ. గంపెత్తుకుని రైలు బ్రిడ్జీ ఎక్కుతుంటే ఊపిరందదు. కాళ్ళు పీకెత్తాయి. ఒక్కోపాలి గుండి దడదడలాడిపోద్ది."

పక్కనున్న ఆయన అందుకున్నాడు. "దానికేటీ నేదు బాబూ. వేట నేక నాను ఇంటికాడే ఉంటన్నాను కాదేటి. రోజంతా నా మొకం సూసి దానికి ఆయాసమొత్తంది."

డాక్టరుగారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆవిడ భర్త మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. వలలు లాగి లాగి భుజాలు బండల్లా తయారయ్యాయి. కుర్చీ సరిపోక అంచున కూర్చున్నాడు. గది అంతా ఆయనే ఉన్నట్టుంది. ఆవిడ సన్నగా, నల్లగా, కళ్ళకింద గుంటలతో, ఆయన పక్కన ఇంకా చిన్నగా కనబడింది.

ఈసీజీ బాగానే ఉంది. ఎకోలో గుండె బాగానే కొట్టుకుంటోంది. రక్తపరీక్షకి ఇమ్మన్నారు, ట్రెడ్‌మిల్ చేద్దామన్నారు. రెండు రోజులు పోయాక ఖాళీ కడుపుతో వచ్చింది. వదులు చొక్కా తొడిగి, తీగలు అంటించి, నడుముకి పెట్టె కట్టి ఎక్కించాను. "అక్కా, కింద పట్టా నెమ్మదిగా కదులుతుంది. మీరు మామూలుగా నడవడమే" అని చెప్పి మీట నొక్కాను.

పట్టా కదిలిందో లేదో, పెద్ద కేక పెట్టింది. "ఓలమ్మో! నేల కదిలిపోతందే!" ఒక చేత్తో నా జడ పట్టుకుంది, రెండో చేత్తో తలుపు దగ్గరున్న అటెండరు చొక్కా పట్టుకుంది. మీట ఆపేసరికి ముగ్గురం ఒకరి మీద ఒకరం ఉన్నాం. తీగలు సగం ఊడిపోయాయి. బయట బల్ల మీద కూర్చున్న ఆయన తలుపు సందులోంచి చూసి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"సముద్రంలో నా బోటు ఇంతకి పదింతలు ఊగుద్ది. ఇది ఇసకలో నడిసినట్టు కాదేటే ఎర్రిదానా!"

"అయితే నువ్వే ఎక్కు!"

"పరిచ్చ నీకు రాసేరు గానీ నాకు రాసేరేటి?"

మళ్ళీ ప్రయత్నించాం. ఈసారి కేక పెట్టలేదు గానీ, రెండు చేతులతో ముందున్న కడ్డీని పట్టుకుని దాదాపు దానికి వేలాడింది. కాళ్ళు నడవడం లేదు, ఈడ్చుకుపోతున్నాయి. నేను "భయపడకండి, భయపడకండి" అన్నకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. అలా పరీక్ష జరిగినా దేనికీ పనికిరాదు. గుండెకి కష్టం కలగాలి గానీ చేతులకి కాదు. డాక్టరుగారు ఆపేయమన్నారు.

పిల్లలూ, ఆ రోజు నాకు ఒక సంగతి తెలిసింది. భయపడుతున్న మనిషికి భయపడకండి అని చెప్పడమంత దండగ పని ఇంకోటి లేదు. నా సర్వీసులో ఆ మాట ఎన్నివేలసార్లు అన్నానో! ఒక్కరు కూడా "అలాగా, సరే అయితే" అని భయం మానెయ్యలేదు.

డాక్టరుగారు ఆవిడని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. "ఇది చెయ్యకపోతే నాకు తేలదమ్మా. ఇక నేరుగా విశాఖపట్నం పంపించి యాంజియోగ్రాం చేయించాలి."

"అదేటి బాబూ?"

"మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి తీగ గుండె దాకా పంపి, రక్తనాళాల్లో అడ్డాలున్నాయేమో చూస్తారు."

ఆవిడ తన మణికట్టు వైపు చూసుకుంది. తర్వాత గుండె వైపు చూసుకుంది. "సేతిలోంచి గుండి కాడికా? నా వల్ల కాదు. సావనైనా సత్తాను గానీ అది సేయించుకోను" అని లేచిపోయింది. మెట్లు దిగుతుంటే ఆయన వెనకాలే "ఆగవే, బేగి దిగకు, పడతావు" అంటూ వెళ్ళడం నాకు వినబడింది. అప్పటిదాకా నవ్విన గొంతు కాదది.

ఇక రారనుకున్నాను. మా దగ్గర అలా వెళ్ళిపోయినవాళ్ళు సాధారణంగా తిరిగి రారు. కానీ వారం తిరక్కుండానే ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆవిడ తలకి నూనె రాసి గట్టిగా ముడేసుకుంది. ముఖంలో ఒక తీర్మానం ఉంది.

"మేడమ్మా, నానెక్కుతాను. కానీ ముందు మా ఆయన ఎక్కాల. ఆయనకేటీ అవ్వకపోతే అప్పుడు నానెక్కుతాను."

నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆయన పెన్ను పక్కన పెట్టారు. "నా మిషను మీద ఊరికే ఎవరినీ ఎక్కించను. ఆయనకీ బీపీ, ఈసీజీ చూడాలి. అన్నీ బాగుంటే తీగలు పెట్టి, మొదటి రెండు మెట్ల దాకా నడిపిద్దాం. ఏమయ్యా, నీకెప్పుడైనా గుండెనొప్పి వచ్చిందా? ఆయాసం?"

"నాకా?" ఆయన చొక్కా గుండీలు అప్పటికే విప్పేస్తున్నాడు. "నాను వల లాగితే నలుగురి పెట్టు బాబూ. నొప్పేటి!"

బీపీ కొంచెం ఎక్కువుంది. బీడీ తాగుతానని ఒప్పుకున్నాడు. ఈసీజీ తీశాను, మామూలుగా ఉంది. అటెండరు బ్లేడు తీసుకుని వచ్చాడు. ఆయన ఛాతీ నిండా దట్టంగా జుట్టు.

"ఏటి బావా, నా గుండి మీద దుక్కి దున్నేత్తన్నావా?"

"దున్నకపోతే తీగలు నాటుకోవు బావా. కదలకు."

"మా ఆడది నవ్వుతాది."

"ఇప్పటికే నవ్వుతున్నాది."

నిజంగానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మా గదిలోకి వచ్చినప్పటి నుంచి ఆవిడ నవ్వడం చూడటం అదే మొదటిసారి.

మిషను మొదలెట్టాను. ఆయన కడ్డీ పట్టుకోనే లేదు. చేతులు ఊపుకుంటూ పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడిచాడు. "సూడే, సూడు. ఇదిగో ఇలగ. ముందుకి సూడాల, కిందికి సూడకూడదు. ఇది మన పూడిమడక ఇసక అనుకో." ఆవిడ పక్కన నిలబడి ఆయన పాదాల వైపు దీక్షగా చూస్తోంది. డాక్టరుగారు తన బల్ల దగ్గర వేరెవరిదో రిపోర్టు రాసుకుంటున్నారు. అంతా సరదాగా ఉంది. ఆయన పాఠం చెబుతుంటే నేను కూడా నవ్వుతున్నాను.

రెండో మెట్టు వచ్చింది. పట్టా కొంచెం పైకి లేచింది, వేగం పెరిగింది. అలవాటుగా తెర వైపు చూశాను.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ గీత పైకి లేచి, దిగి, తర్వాత కాస్త దూరం తిన్నగా సాగాలి. ఆ తిన్నగా సాగాల్సిన చోట కొంచెం కిందికి జారింది. నాకు మొదట తట్టింది తీగ ఊడిందని. అటెండరు వైపు కోపంగా చూశాను. "సరిగ్గా గొరగలేదా?" అని గొంతు తగ్గించి అడిగాను.

"ఒక్క ఎంటిక ఒగ్గితే ఒట్టు మేడం."

దగ్గరికి వెళ్ళి ఛాతీ మీద ఒక్కొక్క తీగా వేలితో నొక్కి చూశాను. అన్నీ గట్టిగానే అంటుకుని ఉన్నాయి. మళ్ళీ తెర చూశాను. ఒక్క గీత కాదు, వరసగా చాలా గీతలు ఒకేలా కిందికి దిగుతున్నాయి. తీగ ఊడితే ఒక్కటే పిచ్చిగా ఎగురుతుంది. అన్నీ కలిసి ఒక పద్ధతిలో దిగవు.

"బాబూ, గుండెలో ఏమైనా ఉందా? బరువుగా గానీ, మంటగా గానీ?"

"ఏటీ నేదమ్మా. ఇంకా జోరు పెంచు."

"దవడ లాగుతోందా? చెయ్యి?"

"నేదంతే నేదు."

అప్పుడు ఆవిడ ఆయన పాదాల మీంచి చూపు తీసి ముఖం వైపు చూసింది. "ఏటయ్యా, మాటలు ఆగిపోనాయి నీకు?"

నిజమే. ఒక నిమిషం నుంచి ఆయన పాఠం చెప్పడం మానేశాడు. పెదవి పైన చెమట పట్టింది. నేను తెర చూస్తుంటే ఆవిడ మొగుడిని చూస్తోంది. ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

"సార్!" అన్నాను. నా గొంతులో ఏముందో గానీ డాక్టరుగారు కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచారు. తెర ఒక్క క్షణం చూసి "ఆపండి" అన్నారు. అప్పటికే మీట మీద ఉన్న నా వేలు దాన్ని నొక్కేసింది.

ఆయన్ని పక్క మంచం మీద పడుకోబెట్టాం. పడుకున్నాక గీత ఇంకా దిగింది. డాక్టరుగారు నాలుక కింద మాత్ర పెట్టారు, ఇంకో మాత్ర నమిలించారు. తెర మీద నుంచి ఎవరం కళ్ళు తిప్పలేదు. అటెండరు ఆయన కాలి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆవిడ గోడకి ఆనుకుని ఉంది. చాలాసేపటికి ఆ గీత కొంచెం కొంచెంగా పైకి లేచి, చివరికి తన చోటికి వచ్చింది. డాక్టరుగారు గట్టిగా ఊపిరి వదిలారు. అప్పటిదాకా ఆయనా బిగబట్టే ఉన్నారన్నమాట.

"నొప్పి తెలియకుండానే కొందరికి ఇలా ఉంటుందమ్మా," అని ఆయన ఆవిడకి చెప్పారు. "కష్టపడినప్పుడు గుండెకి రక్తం అందడం లేదు. ఎక్కడో అడ్డం ఉండొచ్చు. ఇది మనకి ఇవాళ తెలియడం అదృష్టం."

మంచం మీద మనిషి లేచి కూర్చోబోయాడు. మేం పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టాం. "నాకేటీ నేదు బాబూ! ఇది దాని పరిచ్చ, నాది కాదు! మీ మిసను సెడిపోనాది. ఇంకెవుల్నైనా ఎక్కించి సూడండి, వాళ్ళకీ ఇలగే సూపిత్తాది."

రోడ్డు మీద బెల్లం లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

అప్పుడు ఆవిడ గోడ దగ్గర నుంచి కదిలింది. కొంగు బొడ్లో దోపుకుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"తీగలు ఎట్టండి మేడమ్మా. నానెక్కుతాను."

"ఇవాళ వద్దులే అక్కా, ఇంకో రోజు..."

"ఇయ్యాలే. మిసను సెడిపోనాదో నేదో తేలాల."

డాక్టరుగారు నా వైపు చూసి తలూపారు. ఆయన మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఒక చెయ్యి ఆ మనిషి నాడి మీదే పెట్టి. నేను కర్టెన్ అడ్డంగా లాగి ఆవిడకి చొక్కా తొడిగి తీగలు అంటించాను. ఆవిడ కదలకుండా నిలబడింది. కర్టెన్ తీసి మీట నొక్కాను.

పట్టా కదిలింది. ఆవిడ కేక పెట్టలేదు. రెండడుగులు తడబడింది, కడ్డీ పట్టుకుంది, వదిలేసింది. వెన్ను నిటారుగా, మెడ నిక్కబెట్టి, చూపు ఎదురుగా గోడ మీద నిలిపి నడిచింది. నెత్తిన గంప లేదు గానీ ఉన్నట్టే ఉంది. మొదటి మెట్టు దాటింది. రెండోది దాటింది. మంచం మీద ఆయన ఒత్తిగిల్లి పడుకుని చూస్తున్నాడు.

"మేడమ్మా, గీత జారిందా?" నడుస్తూనే అడిగింది.

"లేదక్కా."

ఇంకో మెట్టు ఎక్కింది. ఊపిరి ఎగబోస్తోంది, మెడ మీద చెమట కారుతోంది. గుండె మేం అనుకున్నంత వేగానికి వచ్చేసింది. తెర మీద గీతలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ లేదు. చాలక్కా, ఆపేస్తున్నాను. మీ పరీక్ష బాగుంది."

పట్టా ఆగింది. ఆవిడ కడ్డీకి ఆనుకుని, ఊపిరి తీసుకుని, మంచం వైపు తిరిగింది. "సూసేవా? మిసను బాగానే ఉన్నాది. సెడిపోనాది నువ్వే."

అటెండరు పకాలున నవ్వేశాడు. నేను నవ్వాను. డాక్టరుగారు తల వంచుకున్నారు గానీ భుజాలు కదలడం కనబడుతూనే ఉంది. మంచం మీద ఆయన కాసేపు కోపంగా చూసి, ఇక తప్పక తనూ నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. మిషను మీంచి దిగి తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళి, గొరిగిన ఛాతీ మీద అరచెయ్యి పెట్టి ఏడ్చింది.

ఇక ఆవిడ ఆయాసం సంగతి, అప్పటిదాకా సూదికి భయపడి వాయిదా వేసిన రక్తపరీక్షలో తేలింది. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉంది. ఇంట్లో అందరికీ వడ్డించి, మిగిలింది తినే మనిషికి అది వింతేమీ కాదు. ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి డాక్టరుగారు ఇంకో రెండు పరీక్షలు రాసి, ఇనుము మాత్రలిచ్చి, ఏమేం తినాలో చెప్పారు. అవన్నీ విన్నది ఆయన. ఆవిడ చెవులు ఇంకోచోట ఉన్నాయి.

యాంజియోగ్రాం అనేసరికి పేచీ మొదలైంది. సముద్రంతో ఆడుకునే మనిషి, తీగ అనేసరికి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "నిషేదం అయిపోవత్తన్నాది. ఒక్క వేట ఎల్లొచ్చి సేయించుకుంటాను."

"వద్దయ్యా," అన్నారు డాక్టరుగారు. "నడిస్తేనే ఇలా ఉంది. నడిసముద్రంలో వల లాగుతుంటే ఏమైనా అయితే అక్కడ నేనూ ఉండను, ఈ మంచమూ ఉండదు."

"బావా, సముద్రం ఎక్కడికీ పోదు," అన్నాడు అటెండరు. "నువ్వు ముందు విశాపట్నం పోయిరా."

ఆయన ఇటు తిరిగి పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. "మొన్న నువ్వేటన్నావే? సావనైనా సత్తాను గానీ సేయించుకోనన్నావు కాదేటి? ఇప్పుడు నన్ను ఎల్లమంటావా?"

"అది నా గుండి. నా ఇట్టం. ఇది నీ గుండి."

"అయితే?"

"అయితే ఏటి? లే."

అంతే. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ విశాఖపట్నం వెళ్ళారు. మణికట్టు నుంచే తీగ వేసి చూశారు. గుండెకి ముందువైపు రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం ఒకచోట దాదాపు మూసుకుపోయి ఉందట. అక్కడికక్కడే స్టెంట్ వేశారు. ఆ రిపోర్టు చూసి మా డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

నిషేధం ఎత్తేసిన రోజున పూడిమడక బోట్లన్నీ బయల్దేరాయి. ఆయన్ని మాత్రం కొన్ని నెలలు ఆగమన్నారు. ఒడ్డున నిలబడి అవి పోతుంటే చూడలేక, ఆయన ఆ పొద్దున్నే పెళ్ళాంతో పాటు ఆటో ఎక్కి మా సెంటరుకి వచ్చేశాడు. ఆవిడ చేపలు అమ్ముకుని వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చునే రకం కాదు కదా. లోపలికి వెళ్ళడానికి భయపడుతున్న ప్రతివాడికీ చొక్కా విప్పి కోత లేని ఛాతీ చూపించడం, మణికట్టు మీద చిన్న మచ్చ చూపించడం మొదలెట్టాడు. "ఏటీ అవ్వదు మామా. నాను ఎక్కేను. ముందుకి సూడు, కిందికి సూడకు." నేను లోపల గంటసేపు చెప్పినా వినని మనుషులు ఆయన మాటకి లేచి వచ్చి చెప్పులు విప్పేవారు. వారానికి రెండుసార్లయినా వచ్చేవాడు. అటెండరు ఆయన కోసం రోజూ టీ ఒకటి ఎక్కువ చెప్పేవాడు.

ఆ నెలల్లో ఇంకో వింత జరిగింది. ఆ తీరం ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు రావడం ఎక్కువైంది. వచ్చినావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "గుండిలో ఎలాగో ఉంటంది మేడమ్మా. కానీ నాకు బయం. ముందు మా ఆయన ఎక్కాల" అనేది. వెనక ఒక మగమనిషి ఏమీ తెలియనట్టు నిలబడేవాడు. మొదటి ఇద్దరి విషయంలో మేం నిజమే అనుకున్నాం. మూడో ఆవిడ రాగానే డాక్టరుగారు కాగితం మీద పెన్ను పెట్టి ఆగి, "అమ్మా, నొప్పి నీకా, అనుమానం ఆయన మీదా?" అని అడిగారు. ఆవిడ మొగుడికి కనబడకుండా కన్నుగీటింది. ఆయన పేరు మీదే ఈసీజీ రాసేశారు. వాళ్ళలో చాలామందికి ఏమీ దొరకలేదు. బీపీలు దొరికాయి, చక్కెరలు దొరికాయి, బీడీలు కొన్ని మా మెట్ల మీదే వదిలిపోయారు.

చలికాలం వచ్చాక ఆయనకి మళ్ళీ పరీక్ష చేశాం. ఈసారి పరీక్ష ఆయనకే. ఆవిడ రక్తం పెరిగి ముఖం నిండుగా అయింది. గోడకి ఆనుకుని నిలబడటానికి ఒప్పుకోలేదు. నా పక్కనే వచ్చి తెరకి ముక్కు తగిలేలా నిలబడింది. గీతలు చదవడం తనకీ వచ్చేసినట్టే ఉంది. ఆయన ఒక్కొక్క మెట్టు దాటుతుంటే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడో మెట్టు కూడా పూర్తయ్యాక "చాలు" అన్నారు డాక్టరుగారు. తెర మీద ఎక్కడా ఒక్క జారు లేదు. "మందులు మానకూడదు. బీడీ ముట్టకూడదు. వల లాగేటప్పుడు నలుగురి పెట్టు కాకు, ఒక మనిషి పెట్టే లాగు. వేటకి వెళ్ళొచ్చు." అటెండరు ఆయన్ని కావలించుకున్నాడు. ఆ రోజు సెంటరు మొత్తానికి టీలు ఆయనే చెప్పాడు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న, నేను తాళం తీసి లైట్లు వేస్తుంటే, మెట్ల మీద తడి పాదాల చప్పుడైంది. ఆవిడ. నెత్తిన గంప నిండా వంజరం, చందువా చేపలు. గంప దించుకుని గుమ్మంలో కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది.

"ఎల్లేడమ్మా. తెల్లారకముందే ఎల్లేడు. బోటు ఎక్కుతూ నాకేసి ఇలగ సెయ్యూపేడు, గుంటడు బడికెల్లినట్టు."

"మంచి మాట చెప్పావక్కా. భయమేం లేదు, పరీక్ష చూశాంగా."

"నాకు తెల్దేటి?" అంది. తర్వాత నా చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది. లోపల గబగబా కొట్టుకుంటోంది. "బోటు కనబడకుండా పోనాది మొదలు ఇదిగో, ఇలగ. మీ మిసను ఎక్కితే ఇది దొరుకుద్దేటి?"

"దొరకదక్కా."

"మందు?"

"లేదు."

"పోనీలే," అంది నవ్వుతూ లేచి, కొంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంటూ. "సాయంత్రం ఒచ్చేత్తాడు కదా, అదే తగ్గిపోద్ది. బేగి ఓ సెయ్యెయ్యమ్మా, గంపెత్తాల. మీ ఈదిలో ఇంకా ఎవులూ లేగనేదు, లేపాల."

నేను ఒక పక్క పట్టి గంప ఎత్తాను. మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళాక ఆవిడ కేక వినబడింది, "చందువాలో, వంజరమో" అని. అంత గట్టి కేక ఆ వీధిలో నేను అంతకుముందు వినలేదు.